ఆవనూనెలో బ్రహ్మదండి, మంచం పక్కన ఎక్స్‌రే

ఒక ఇంట్లో ఒక్కరికి కాళ్ళు వాచితే వైద్యుడు ఆ మనిషి గుండెను, మూత్రపిండాలను, కాలేయాన్ని పరీక్షిస్తాడు. అదే ఇంట్లో తల్లికి, తండ్రికి, ఎదిగిన పిల్లలకు, చివరకు వంటమనిషికి కూడా రెండు మూడు వారాల వ్యవధిలో కాళ్ళు వాచితే పరీక్షించవలసింది వారి వంటింటిని. ఈ మాట ఈనాడు చెప్పడం సులభం. వైద్యశాస్త్రానికి ఈ సంగతి బోధపడడానికి అరవై ఏళ్ళు పట్టింది. ఆ అరవై ఏళ్ళలో కలకత్తాలో ఏం జరిగింది, నూనెలోని విషాన్ని ఎలా పట్టుకున్నారు, ఊపిరి ఆడని రోగికి మంచం పక్కనే తీసే ఛాతీ ఎక్స్‌రే ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్నవి ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఈ వ్యాధిని ఆంగ్లంలో ఎపిడెమిక్ డ్రాప్సీ అంటారు. డ్రాప్సీ అంటే పాత వైద్య పరిభాషలో ఒంటికి నీరు పట్టడం. తెలుగులో దీనిని మూకుమ్మడి ఉబ్బు అనుకోవచ్చు. మొదట కొన్ని రోజులు విరేచనాలు, వికారం, కొద్దిపాటి జ్వరం ఉంటాయి. తరువాత రెండు కాళ్ళూ వాస్తాయి. వేలితో నొక్కితే గుంట పడుతుంది. గుండె జబ్బులో వచ్చే వాపు సాధారణంగా చల్లగా, నొప్పి లేకుండా ఉంటుంది. ఇక్కడ మాత్రం కాళ్ళ చర్మం ఎర్రబడుతుంది, తాకితే వెచ్చగా ఉంటుంది, నొక్కితే రోగి అబ్బా అంటాడు. క్రమంగా ఆయాసం, గుండెదడ మొదలవుతాయి. కొందరికి చర్మం మీద రక్తనాళాలతో నిండిన చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. వాటిని గీరితే రక్తం ధారగా కారుతుంది. కొందరికి కన్ను ఎర్రబడకుండా, నొప్పి పెద్దగా లేకుండా కంటిలోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఈ కంటి లక్షణాన్ని 1909లోనే కలకత్తాలో మేనార్డ్ అనే వైద్యుడు గుర్తించి ప్రకటించాడు. తల్లిపాలు మాత్రమే తాగే పసిబిడ్డలకు ఈ వ్యాధి సాధారణంగా రాదు. చివరి వాక్యాన్ని జ్ఞాపకం ఉంచుకోండి. వ్యాధికారణం తినే తిండిలో ఉన్నదనడానికి అదొక్కటే పెద్ద ఆధారం. ఆ ఆధారం ఎదురుగా ఉండగానే చాలామంది దానిని దాటి వెళ్ళారు.

కలకత్తాలో ఈ వ్యాధి మొదటిసారి 1877లో నమోదయింది. మరుసటి సంవత్సరమే, అంటే 1878, 1879 ప్రాంతంలో, హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపంలో భారతీయ కూలీల మధ్య కనిపించింది. ఆ రోజుల్లో చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా మన దేశం నుంచి వేలాదిమంది ఆ ద్వీపానికి వెళ్ళారు. వారిలో కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కిన తెలుగువారూ ఉన్నారు. వారికి బియ్యం ఎక్కువగా కలకత్తా నుంచి వెళ్ళేది. ఇక్కడా అక్కడా ఒకే వ్యాధి, ఇక్కడా అక్కడా ఒకే బియ్యం. సహజంగానే అనుమానం బియ్యం మీద పడింది.

బియ్యాన్ని అనుమానించడానికి ఇంకొక బలమైన కారణం బెరిబెరి. ఆ వ్యాధిలోనూ కాళ్ళు వాస్తాయి, ఆయాసం వస్తుంది, గుండె నీరసిస్తుంది. పాఠకులలో చాలామందికి తెలియని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. భారతదేశంలో బెరిబెరికి ప్రధాన స్థావరం మన ఉత్తర సర్కారులే. గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న తెలుగు కోస్తా ప్రాంతంలో అది స్థిరనివాసం ఏర్పరచుకొంది. మద్రాసు వైద్యసేవలో ఉన్న మాల్కంసన్ 1835లోనే బెరిబెరి చరిత్రను, చికిత్సను గురించి ఒక గ్రంథం రాశాడు. కారణం మనవారి అన్నంలో ఉంది. పచ్చి వడ్లను మరపట్టించి తెల్లగా పాలిష్ చేసిన బియ్యంలో విటమిన్ బి1 తవుడుతో పాటు పోతుంది. వడ్లను నానబెట్టి ఉడికించి ఆ తరువాత దంచే ఉప్పుడు బియ్యంలో ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకి చాలావరకు నిలుస్తుంది. బెంగాలీలు తినేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం. కాబట్టి సర్కారు జిల్లాల బెరిబెరికి చెల్లిన వివరణ కలకత్తా ఉబ్బుకు చెల్లదు. అయినా రెండు వ్యాధులనూ ఒకే గాటన కట్టే ప్రయత్నం దశాబ్దాల పాటు సాగింది.

1920 దశకంలో కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో ఆక్టన్, రామ్‌నాథ్ చోప్రా కలిసి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. తేమ పట్టిన గోదాములలో నిలవ ఉన్న బియ్యంలో ఒక సూక్ష్మజీవి పెరిగి విషం పుట్టిస్తుందని, ఆ విషమే ఈ ఉబ్బుకు కారణమని వారి వాదం. వర్షాకాలం తరువాత కేసులు పెరగడం, పేదల ఇళ్ళలోనూ కలవారి ఇళ్ళలోనూ సమానంగా రావడం వంటి విషయాలు ఈ వాదానికి అనుకూలంగా కనిపించాయి. చోప్రా సామాన్యుడు కాడు. భారతీయ ఔషధశాస్త్రానికి పితామహుడిగా పేరుపొందినవాడు. అటువంటివాడు చెప్పిన మాటను ప్రశ్నించడం ఆనాడు సులువు కాదు.

ఆ కాలంలోనే, 1926లో, ఎస్. ఎల్. సర్కార్ అనే వైద్యుడు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రెండు పుటల వ్యాసం ప్రచురించాడు. ఆవనూనెలో కలిసిన మరొక గింజ నూనె ఈ లక్షణాలకు కారణం కావచ్చునని అందులో సూచించాడు. ఆ గింజ బ్రహ్మదండి. పెద్ద సంస్థ, పెద్ద పేరు వెనుక లేని ఆ చిన్న వ్యాసానికి దక్కవలసిన గుర్తింపు వెంటనే దక్కలేదని నా అభిప్రాయం.

బ్రహ్మదండిని మీరు తప్పక చూసి ఉంటారు. రోడ్ల పక్కన, బంజరు నేలల్లో, చెరువు గట్ల మీద పెరిగే ముళ్ళ మొక్క ఇది. ఆకులు బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ, వాటి మీద తెల్లని చారలు, అంచుల నిండా ముళ్ళు. పువ్వు పసుపు. కాడ విరిస్తే పసుపు పచ్చని పాలు కారుతాయి. మన పల్లెల్లో కొందరు బలురక్కసి అని కూడా అంటారు. హిందీలో సత్యానాశీ అంటారు, బెంగాలీలో నక్క ముల్లు అని అర్థం వచ్చే పేరు ఉంది. ఈ మొక్కకు ఎవరూ ముద్దు పేరు పెట్టలేదు. దీని స్వస్థలం మెక్సికో. ఐరోపా వర్తకుల కాలంలో మన దేశానికి వచ్చి, ఎవరూ నాటకుండానే దేశమంతా వ్యాపించింది. బ్రహ్మదండి అనే పేరు ఆయుర్వేదంలో వేరే మొక్కలకు కూడా ఉంది గనుక ఎవరైనా బ్రహ్మదండి కషాయం తాగమంటే ఏ మొక్కో తెలుసుకోకుండా తాగవద్దు.

ఈ మొక్క కాయ పగిలితే నల్లని చిన్న గింజలు రాలుతాయి. దూరం నుంచి చూస్తే అచ్చం ఆవాలే. ఉత్తర భారతంలో, బెంగాల్‌లో ఆవ పొలాలలో ఇది కలుపు మొక్కగా పెరిగి కోతలో కలిసిపోవచ్చు. ఖర్చు లేకుండా దొరికే గింజ గనుక కావాలని కలిపేవారూ ఉంటారు. గానుగలో పడ్డాక ఏది ఏ గింజ నూనెయో కంటికి తెలియదు. రంగు, వాసన ఆవనూనెవే. ఆవనూనె ఘాటు ముందు మరే వాసనా నిలవదు.

1932లో కలకత్తాలో అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ ఏర్పడింది. అక్కడ పనిచేసిన ఆర్. బి. లాల్, ఎస్. సి. రాయ్ రోగిని ఆసుపత్రి మంచం మీద చూడడంతో ఆగక, వ్యాధి వచ్చిన ఇళ్ళకు వెళ్ళారు. ఎవరు ఏం తిన్నారు, బియ్యం ఎక్కడిది, నూనె ఎక్కడిది, ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అని లెక్కలు రాశారు. 1937లో వారి పరిశోధనలు వెలువడ్డాయి. అనుమానం బియ్యం బస్తా మీద నుంచి ఆవనూనె డబ్బా మీదికి మళ్ళింది. తరువాత స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వ్యక్తులకు అనుమానిత నూనెతో వండిన ఆహారం పెట్టి చూస్తే ఉబ్బు వచ్చింది. ఈనాడు అటువంటి ప్రయోగానికి ఏ నైతిక సంఘమూ అనుమతి ఇవ్వదు. ఆ నూనె తిన్నవారి పేర్లు చరిత్రలో మనకు కనిపించవు.

1939లో బ్రహ్మదండి నూనె తినిపించి మనుషులలో ఈ వ్యాధి లక్షణాలు కలుగుతాయని నిరూపించిన మరొక పత్రం ఇండియన్ మెడికల్ గెజెట్‌లోనే వచ్చింది. దాని రచయితల జాబితాలో మొదటి పేరు చోప్రా! బియ్యం సిద్ధాంతం చెప్పిన రామ్‌నాథ్ చోప్రానే. పద్నాలుగు పదిహేనేళ్ళ క్రితం తాను ప్రతిపాదించిన వాదాన్ని తన చేతులతోనే పక్కన పెట్టాడు. ఈ వ్యాధి చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. ఆయన గౌరవం దీనివల్ల తగ్గలేదు సరికదా, మిగిలిన వైద్యలోకం సందేహాలు తీరడానికి ఆ పేరే ఉపకరించింది.

ఆ నూనెలో విషపదార్థం ఏది అన్న ప్రశ్నకు 1948లో సమాధానం దొరికింది. ఎస్. ఎన్. సర్కార్ బ్రహ్మదండి నూనె నుంచి సాంగ్వినరీన్, డైహైడ్రోసాంగ్వినరీన్ అనే రెండు ఆల్కలాయిడ్లను వేరుచేసి నేచర్ పత్రికలో ప్రకటించాడు. ఇవి శరీరంలోని సూక్ష్మ రక్తనాళాలను, అంటే కేశనాళికలను, వ్యాకోచింపజేస్తాయి. వాటి గోడలు వదులై రక్తంలోని ద్రవం, దానితో పాటు మాంసకృత్తులు బయటి కణజాలంలోకి ఊరుతాయి. పాత మట్టికుండ చెమర్చినట్లు ఒళ్ళంతా చెమరుస్తుందన్నమాట, కానీ చర్మం లోపల. కాళ్ళలో చేరితే వాపు, ఊపిరితిత్తులలో చేరితే ఆయాసం. మూత్రంలో ఆల్బుమిన్ సాధారణంగా పోదు గనుక మూత్రపిండాల వ్యాధి కాదని తేలుతుంది. ఆవనూనెలో ఒక్క శాతం బ్రహ్మదండి నూనె కలిసినా వ్యాధి రాగలదు. తినడమే కానక్కరలేదు, కల్తీ నూనెతో ఒంటికి మర్దన చేసుకున్నవారికి చర్మం ద్వారా విషం ఎక్కి వ్యాధి వచ్చిన ఉదంతాలు కూడా వైద్య పత్రికలలో ఉన్నాయి.

ఇక పరీక్షల సంగతి. అన్నిటిలో పాతది, సులభమైనది నత్రికామ్ల పరీక్ష. పరీక్ష నాళికలో కొంత నూనె, అంతే గాఢ నత్రికామ్లం పోసి జాగ్రత్తగా కలిపి నిలబెడతారు. బ్రహ్మదండి ఆల్కలాయిడ్లు ఆమ్లంతో కలిసి రంగు గల లవణాలుగా మారతాయి. అందుచేత అడుగున చేరిన ఆమ్లపు పొర నారింజ పసుపు నుంచి ముదురు ఎరుపు దాకా రంగు తిరుగుతుంది. దాదాపు పావు శాతం కల్తీని ఈ పరీక్ష పట్టుకోగలదు. ఎక్కువసేపు ఉంచితే శుద్ధమైన నూనెలు కూడా గోధుమ రంగుకు తిరుగుతాయి కాబట్టి వెంటనే చూడాలి. ఇంతకన్నా నిశితమైనది ఫెర్రిక్ క్లోరైడ్ పరీక్ష. అందులో నారింజ ఎరుపు అవక్షేపం ఏర్పడుతుంది, సూక్ష్మదర్శినిలో చూస్తే సూదులవంటి స్ఫటికాలు కనిపిస్తాయి. ఆ తరువాత వచ్చిన క్రొమటోగ్రఫీ పద్ధతులలో ఆల్కలాయిడ్లను వేరుచేసి అతినీలలోహిత కాంతిలో చూస్తే అవి మెరిసే మచ్చలుగా కనిపిస్తాయి. అతి స్వల్పమైన కల్తీ కూడా వీటికి దొరుకుతుంది.

దయచేసి నత్రికామ్లంతో ఇంట్లో ప్రయోగాలు చేయవద్దు. చర్మం మీద పడితే కాలుతుంది, ఆవిరి ఊపిరితిత్తులకు హాని. నూనె మీద అనుమానం కలిగితే డబ్బాను పారవేయకుండా మూత గట్టిగా బిగించి, కొన్న రశీదుతో సహా ఆహార భద్రతా అధికారికి అప్పగించాలి. చాలా ఇళ్ళలో రోగిని ఆసుపత్రికి తీసుకువెళ్ళిన రోజే, భయంతోనో కోపంతోనో నూనెను కాలువలో పారబోస్తారు. దానితో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం పోతుంది.

ఇప్పుడు ఆసుపత్రి మంచం దగ్గరకు వద్దాం. ఆయాసంతో వెల్లకిలా పడుకోలేక, దిండ్లకు ఆనుకొని కూర్చున్న రోగిని ఎక్స్‌రే గదిదాకా నడిపించలేము. యంత్రమే మంచం దగ్గరకు రావాలి. రాంట్‌జెన్ 1895 నవంబరు 8న ఎక్స్ కిరణాలను కనుగొన్నప్పుడు ఇది ఊహకు అందని విషయం. ఆనాటి గాజు గొట్టాలలో మిగిలిన కొద్దిపాటి వాయువు మీద అంతా ఆధారపడేది. గొట్టం ఈరోజు పనిచేసినట్లు రేపు పనిచేయదు. 1913లో అమెరికాలో విలియం కూలిడ్జ్ వేడి తంతువు, పూర్తి శూన్యం గల గొట్టాన్ని తయారుచేశాక కిరణాలు చెప్పినట్లు వినడం మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది ప్రపంచ యుద్ధం వచ్చింది. మేరీ క్యూరీ మోటారు వాహనాలలో ఎక్స్‌రే యంత్రాలు అమర్చి ఫ్రాన్స్ యుద్ధరంగానికి నడిపించింది. సైనికులు వాటిని చిన్న క్యూరీలు అని పిలిచేవారు. చక్రాల మీద నడిచే నేటి ఆసుపత్రి యంత్రాలకు అవి పెద్దక్కలు.

మా తరం ప్రభుత్వ వైద్యులకు ఈ యంత్రంతో పరిచయం వేరు. వార్డులోకి దానిని తోసుకువచ్చేసరికి గోడకున్న ప్లగ్గు సరిపోదు, ప్లగ్గు సరిపోతే వోల్టేజీ సరిపోదు. యంత్రం శక్తి తక్కువ కాబట్టి కిరణాలను ఎక్కువసేపు ప్రసరింపజేయాలి. ఎగశ్వాసతో ఉన్న మనిషి ఊపిరి బిగబట్టలేడు. అందుచేత చిత్రం చెదిరిపోతుంది. చీకటి గదిలో కడిగిన తడి ఫిల్మును నీళ్ళు కారుతుండగానే కిటికీ వెలుగుకు పట్టి చూసేవాళ్ళం.

మంచం పక్కన తీసిన చిత్రంలో ఒక పెద్ద మాయ ఉంది, దానిని పాఠకులు కూడా తెలుసుకుంటే మంచిది. ఎక్స్‌రే గదిలో రోగి నిలబడి ఛాతీని ఫిల్ముకు ఆనిస్తాడు. కిరణాలు వీపు వైపు నుంచి, ఆరడుగుల దూరం నుంచి వస్తాయి. మంచం మీద అయితే ఫిల్మును వీపు కింద పెడతాము, కిరణాలు ముందు నుంచి, ఒక మీటరు దూరం నుంచే వస్తాయి. గుండె ఛాతీలో ముందు వైపు ఉంటుంది. దీపం ముందు చేయి పెట్టి గోడ మీద నీడ చూడండి. చేతిని గోడకు దూరంగా, దీపానికి దగ్గరగా జరిపేకొద్దీ నీడ పెద్దదవుతుంది. ఇదీ అంతే. గుండె నిజమైన వెడల్పు 12 సెంటీమీటర్లు అనుకుందాం. ఫిల్ముకు 8 సెంటీమీటర్ల దూరంలో ఉండి కిరణాలు 180 సెంటీమీటర్ల నుంచి వస్తే నీడ పన్నెండున్నర సెంటీమీటర్లు పడుతుంది. ఫిల్ముకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉండి కిరణాలు 100 సెంటీమీటర్ల నుంచి వస్తే నీడ 14 సెంటీమీటర్లు దాటుతుంది. అదే గుండె, అదే రోజు.

ఛాతీ వెడల్పులో గుండె నీడ సగానికి మించితే గుండె పెరిగినట్లు అనే కొలతను 1919లో డాంజర్ ప్రవేశపెట్టాడు. ఆ కొలత నిలబడి తీసిన చిత్రానికి వర్తిస్తుంది. మంచం మీద తీసిన చిత్రానికి దానిని యథాతథంగా వర్తింపజేస్తే సగంమందికి గుండె జబ్బు అంటగట్టినవాళ్ళమవుతాము. మూకుమ్మడి ఉబ్బులో ఇది చాలా ముఖ్యం. కాళ్ళ వాపు, ఆయాసం, ఫిల్ములో పెద్ద గుండె. మూడూ కలిస్తే హృదయ వైఫల్యం అని చీటీ మీద రాసి, ఇక కారణం వెదకడం మానేసే ప్రమాదం ఉంది. ఈ వ్యాధిలో గుండె నిజంగానే దెబ్బతిని చనిపోయేవారున్నారు, దానిని కాదనలేము. ఆ గుండె ఎందుకు దెబ్బతిన్నదో మాత్రం ఫిల్ము చెప్పదు.

రోగి పడుకున్న భంగిమ కూడా చిత్రాన్ని మారుస్తుంది. నిలబడ్డ మనిషిలో ఊపిరితిత్తుల పై భాగపు రక్తనాళాలు సన్నగా, కింది భాగపువి లావుగా ఉంటాయి. పైవి లావెక్కితే ఎడమ గుండెలో ఒత్తిడి పెరిగిందని గ్రహిస్తాము. పడుకున్న మనిషిలో ఆరోగ్యవంతుడికైనా రెండూ సమానమవుతాయి కాబట్టి ఆ గుర్తు పనికిరాదు. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు నిలబడితే అడుగున గిన్నెలో నీటిలా ఒంపు తిరిగి కనిపిస్తుంది. పడుకుంటే వీపు వైపు పరుచుకొని పలుచని మసకగా మాత్రమే కనిపిస్తుంది. ఆ మసకను న్యుమోనియా అనుకోవచ్చు, అసలు ఏమీ లేదనీ అనుకోవచ్చు. అందుకే వీలైనంతవరకు రోగిని కూర్చోబెట్టి తీయాలి. ఫిల్ము మీద భంగిమ, కిరణాలు వచ్చిన వైపు, తేదీ, సమయం రాయాలి. అవి రాయని ఫిల్ము తేదీ లేని ఉత్తరం వంటిది.

ఇన్ని లోపాలున్నా మంచం పక్కని చిత్రం ప్రాణం నిలుపుతుంది. ఊపిరితిత్తుల అంచుల దగ్గర అడ్డంగా సన్నని చిన్న గీతలు కనిపిస్తే కణజాలపు పొరలలోకి నీరు చేరిందని అర్థం. 1933లో పీటర్ కెర్లీ వివరించిన ఈ గీతలను ఆయన పేరుతోనే పిలుస్తారు. నీరు ఇంకా ఎక్కువైతే ఊపిరితిత్తుల నడిమి భాగంలో రెండు వైపులా గబ్బిలం రెక్కల వలె తెల్లని నీడ పరుచుకుంటుంది. ఆ నీడ చూసి మూత్రం ఎక్కువగా పోయించే మందులు, ప్రాణవాయువు వెంటనే మొదలుపెడతాము. మరునాడు అదే దూరం నుంచి, అదే భంగిమలో తీసిన రెండవ ఫిల్మును పక్కన పెట్టి చూస్తే మొదటి ఫిల్ము చెప్పలేని సంగతులు ఎన్నో తెలుస్తాయి. నీరు తగ్గుతున్నదా, పెరుగుతున్నదా అన్నది ఒక్క ఫిల్ముతో తేలదు. పాత ఫిల్ములను పారవేయకండి అని రోగుల బంధువులకు నేను చెబుతూ వచ్చింది ఇందుకే.

వార్డులో ఎక్స్‌రే తీస్తున్నప్పుడు పక్క మంచం వారు భయపడతారు. అకారణంగా భయపడనక్కరలేదు. దూరం రెట్టింపయితే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. రెండు మీటర్ల అవతల నిలబడితే ఒక ఛాతీ చిత్రం నుంచి అందేది అత్యల్పం. గర్భిణులు మాత్రం కాసేపు బయటికి వెళ్ళడం మంచిది.

కలకత్తాలో 1930లలోనే తేలిపోయిన విషయం కాబట్టి ఆ తరువాత ఈ వ్యాధి మాయమై ఉండాలి. మాయం కాలేదు. బెంగాల్, బీహారు, అస్సాం, ఒరిస్సా, ఉత్తరప్రదేశ్, గుజరాత్ అంటూ ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంది. 1998 ఆగస్టులో దేశ రాజధాని ఢిల్లీలోనే విరుచుకుపడింది. 60 మందికి పైగా మరణించారు. 3,000 మందికి పైగా ఆసుపత్రులలో చేరారు. క్రొమటోగ్రఫీ, ఎకోకార్డియోగ్రఫీ, అత్యాధునిక ఆసుపత్రులు అన్నీ ఉన్న నగరం అది. కల్తీని నిషేధించిన చట్టం 1954 నుంచీ ఉంది. ఆవనూనెలో బ్రహ్మదండి పరీక్ష ఫలితం శూన్యంగా ఉండాలని నిబంధన కూడా ఉంది. నిబంధన కాగితం మీద, నూనె విడిగా డబ్బాలలో. ఎవరు ఎక్కడ ఏది కలిపారో కొనేవాడికి తెలిసే మార్గం లేదు. ఆ మరణాల తరువాత 1998 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం వంటనూనెల ప్యాకేజింగ్ నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. విడి నూనె అమ్మకాన్ని కట్టడి చేసి, తయారీదారు పేరు, తేదీ ముద్రించిన సీలు ప్యాకెట్లలోనే అమ్మాలన్నది దాని సారాంశం. అరవై మంది చనిపోతే గాని ప్యాకెట్టుకు సీలు పడలేదు.

మనం ఆవనూనెతో వండుకోము కదా, మనకెందుకు అని మీరు అనుకోవచ్చు. తెలుగువారి వంట వేరుశనగ, నువ్వుల నూనెలతోనే సాగింది కాబట్టి ఈ వ్యాధి మన ప్రాంతంలో అరుదన్నది నిజం. కానీ ఉద్యోగరీత్యా, చదువురీత్యా మన పిల్లలు ఢిల్లీ, కలకత్తా, లక్నో నగరాలలో ఉంటున్నారు. అక్కడి వంటలు తింటున్నారు. అక్కడివారు ఇక్కడికి వచ్చి తమ నూనె తెప్పించుకుంటున్నారు. కీళ్ళ నొప్పులకు, పసిపిల్లల మర్దనకు ఆవనూనె ఇప్పుడు మన దుకాణాలలోనూ దొరుకుతుంది. సీలు లేని నూనె ఎంత చవకైనా కొనకండి. ఒకే ఇంట్లో ఇద్దరికి మించి కాళ్ళు వాచితే వైద్యుడు అడగకపోయినా ఏ నూనె వాడుతున్నారో మీరే చెప్పండి.

పోపుల డబ్బాలోని ఆవాలను పరీక్షించడానికి మాత్రం ఏ ఆమ్లమూ అక్కరలేదు. తెల్లని పళ్ళెంలో గుప్పెడు ఆవాలు పోసి వెలుగులో చూడండి. ఆవగింజ నున్నగా ఉంటుంది. బ్రహ్మదండి గింజ నల్లగా, గరుకుగా, వల అల్లినట్లు గీతలతో ఉంటుంది. భూతద్దం ఉంటే స్పష్టంగా తెలుస్తుంది. అనుమానం వచ్చిన గింజను వేలితో నలపండి. ఆవగింజ లోపల పసుపుగా ఉంటుంది, బ్రహ్మదండి గింజ లోపల తెల్లగా ఉంటుంది.

ఈ వ్యాధికి విరుగుడు మందు ఇప్పటికీ లేదు. ఆ నూనె మానడమే అసలు చికిత్స. దానితో పాటు విశ్రాంతి, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారం, విటమిన్లు, వాపుకు, గుండెకు అవసరమైన మందులు ఇస్తారు. చాలామంది కోలుకుంటారు, కానీ వాపు పూర్తిగా తగ్గడానికి వారాలు, ఒక్కొక్కసారి నెలలు పడుతుంది. కాళ్ళు తగ్గాయి గదా అని కళ్ళను మరచిపోవద్దు. కంటిలోని ఒత్తిడి నొప్పి లేకుండానే పెరిగి చూపును తినివేస్తుంది కాబట్టి వాపు తగ్గిన తరువాత కూడా కొన్ని నెలల పాటు కంటి వైద్యుడి చేత ఒత్తిడి కొలిపించుకుంటూ ఉండాలి.